జబ్బకు కట్టిన చెవి

వినికిడి పరీక్షల కోర్సు చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడూ నన్ను పిలిచి మాట్లాడమంటారు. వెళ్తాను. చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మీ సర్వీసులో మీరు చూసిన గొప్ప పరికరం ఏది మేడమ్?" ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే ఖరీదైన యంత్రం పేరు చెబుతానని వాళ్ళ ఊహ. నేను ఒక గుడ్డ పట్టీ సంగతి చెబుతాను. నందిగామలో ఒక దర్జీ కుట్టిన పట్టీ. పిల్లలు మర్యాదకి తలలూపుతారు. ఆ కథ పూర్తిగా చెప్పడానికి వాళ్ళిచ్చే సమయం చాలదు. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నాది జగ్గయ్యపేట. ఉద్యోగం నందిగామలో, ఒక ట్రస్టు నడిపే చిన్న కేంద్రంలో. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. హైవేకి దగ్గరి వీధిలో అద్దె ఇల్లు. ముందు గదిలో బెంచీలు, వెనక గదిలో చప్పుడు చొరబడకుండా గోడలకి మెత్తలు బిగించిన పరీక్ష గది. ఎన్ని మెత్తలు బిగించినా లారీ హారన్లు మాత్రం లోపలికి వచ్చేవి. హారన్ వచ్చినప్పుడల్లా పరీక్ష ఆపి, అది పోయాక మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. పిల్లలకి ఎంత వినపడుతుందో చూడటం, చెవి మిషన్లు పెట్టడం, మాటలు నేర్పడం, ఇళ్ళకి వెళ్ళి తల్లులతో కూర్చోవడం నా పని.

మిషన్లు బాగుచేయడానికి ఒక టెక్నీషియన్ ఉండేవారు. నా ఈడువారే. శనివారాలు పొద్దున్నే వేదాద్రి వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని, నుదుటి బొట్టుతో నేరుగా డ్యూటీకి వచ్చేవారు. నోరు కాస్త దురుసు. చెయ్యి మాత్రం ఎంతో మెత్తన. గోరంత మిషన్‌ని విప్పి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ దాన్ని బతికించేవారు.

ఒక ఏడాది సిటీలోని ఒక డిజైన్ కాలేజీ నుంచి ఒకమ్మాయి మా దగ్గరికి వచ్చింది. వికలాంగులకి, రోగులకి కొత్త పరికరాలు ఊహించి గీయడం ఆమె చదువు. లాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపించింది. ఎదుటివాళ్ళ మాటలు అద్దాల మీద అక్షరాలై కనిపించే కళ్ళజోడు. సైగ చేస్తే మాట పలికే చేతితొడుగు. తలుపు కొడితే వెలిగే ఉంగరం. అన్నీ తెల్లగా, నున్నగా, దేవలోకం నుంచి దిగినట్టున్నాయి.

టెక్నీషియన్ గారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నయ్ అమ్మాయ్. వీటిని పెట్టుకునేదెవరు?"

"అది తెలుసుకుందామనే వచ్చానండి" అంది.

ఆ జవాబు మా ఇద్దరికీ నచ్చింది. అంతకుముందు వచ్చినవాళ్ళు చాలామంది ఫొటోలు తీసుకుని, మా పిల్లల చేత నవ్వించుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయినవాళ్ళే. ఈ అమ్మాయి దగ్గర్లో గది తీసుకుని ఉండిపోయింది. రోజూ ముందు గదిలో బెంచీ చివర కూర్చుని వచ్చేవాళ్ళని చూసేది. సైగల భాష నేర్పమని నన్ను వేధించేది.

ఆమె అలా కూర్చుని ఉన్న ఒక రోజునే ఆ అత్తాకోడళ్ళు వచ్చారు.

కోడలు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పుట్టుకతోనే బొత్తిగా వినపడదు. ఏ మిషనూ పనిచేయలేదు. బధిరుల పాఠశాలలో చదివింది. అక్కడే చదివిన అబ్బాయిని చేసుకుంది. అతనికీ వినపడదు. నందిగామలో టైలరింగ్ షాపు. వెనక రెండు గదుల్లో కాపురం. ఆమె హుక్కులు కుట్టి, అంచులు మడిచి అతనికి సాయం చేసేది. ఇప్పుడు నిండు కడుపుతో వచ్చింది. అత్తగారు చందర్లపాడు వైపు పొలాలకి కూలికి వెళ్ళే మనిషి. ఎండకి నల్లబడ్డ ముఖం, చేతిలో బైబిలు పెట్టిన సంచి. ప్రార్థన కూటం నుంచి నేరుగా వచ్చారట.

"మేడమ్ గారండీ, మీరు చెబితే నా కోడలు వింటది. అందుకని తీసుకొచ్చా" అని మొదలుపెట్టిందావిడ. "ఇద్దరికీ వినపడదు. నేను పొలానికి పోకపోతే జరగదు. బిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే ఇంట్లో దిక్కెవరు? జగ్గయ్యపేటలో నా కూతురుంది. దానికి పిల్లల్లేరు, ప్రాణం పెట్టి సాకుద్ది. మాటలొచ్చేదాకా బిడ్డని అక్కడుంచుదామంటున్నా. తప్పంటారా?"

తప్పనలేకపోయాను. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. కోడలు మా ఇద్దరి పెదాలనీ మార్చి మార్చి చూస్తోంది. ఏమంటోందని నన్ను అడిగింది. నేను చేతులతో చెప్పాను. చెబుతుంటే నా చేతులే బరువెక్కాయి. ఆమె ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, రెండో చేత్తో ఒకే ఒక్క సైగ చేసింది. దాన్ని తెలుగులో రాయాలంటే, "నా దగ్గరే."

బెంచీ చివరనున్న అమ్మాయి లేచి నిలబడింది. "ఆంటీ, బిడ్డ ఏడుస్తోందని ఈమెకి తెలిస్తే చాలు కదా?" అని అత్తగారిని అడిగింది.

"తెలిస్తే చాలమ్మా. ఎట్టా తెలుస్తది?"

"నేను చేస్తానండి."

అత్తగారు ఆ అమ్మాయిని పైనుంచి కిందికి చూసింది. "సరే. మిరపకోతలు మొదలయ్యేదాకా నేను ఇంట్లోనే ఉంటా. ఈలోపు మీ మిషన్ ఏదో పనిచేస్తే మంచిదే. చెయ్యకపోతే బిడ్డ పేటకి పోద్ది. మళ్ళీ నాకు అడ్డం చెప్పగూడదు."

నేను కోడలికి అదీ చెప్పాను. ఆమె ఒప్పుకుంటూ తలూపింది.

పాప పుట్టింది. ఆ అమ్మాయి చేసిన మొదటి పట్టీ చేతి మణికట్టుకి పెట్టుకునేది. ఉయ్యాల దగ్గర చిన్న మైకు. చప్పుడు వినపడగానే పట్టీ వణికేది. ఇలాంటివి బజార్లో అంతకుముందే ఉన్నాయి, కొత్తేం కాదు. పైగా మా వీధుల్లో అది నవ్వులపాలైంది. కుక్కర్ కూతకి వణికింది. లారీకి వణికింది. చర్చి మైకుకి వణికింది. బిడ్డ తల్లి గిన్నెల దగ్గర్నుంచి సబ్బు చేతులతో పరుగెత్తడం, పాప హాయిగా నిద్రపోతుండటం.

"పక్కింటి టీవీలో కోడలు ఏడిస్తే మా కోడలు పరిగెత్తుద్దండీ" అంది అత్తగారు.

టెక్నీషియన్ గారు రంగంలోకి దిగారు. మైకుని ఉయ్యాల నుంచి తీసి, బొత్తాం అంత చేసి, పాప చొక్కాకే పిన్నుతో పెట్టేలా మార్చారు. దూరపు చప్పుళ్ళు పట్టకుండా, దగ్గరి గొంతు మాత్రమే పట్టేలా సర్దారు. ఈసారి పాప ఏడిస్తేనే పట్టీ వణికింది. మేం ముగ్గురం మిఠాయి తెచ్చుకుని తిన్నాం.

తర్వాతి వారం నేను, ఆ డిజైనర్ అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళాం. తల్లి చేతికి పట్టీ లేదు. అలమరలో ఉంది.

ఏమైందని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించింది. తన మనసులో ఉన్నదానికి సరిపోయే సైగ లేక వెతుక్కుంటోందని నాకు అర్థమైంది. చివరికి నెమ్మదిగా చెప్పింది. "ఇది ఏడుస్తోందని చెబుతోంది. ఎలా ఏడుస్తోందో చెప్పడం లేదు. మా అత్త పక్క గదిలోంచే ఆకలి అంటుంది, నిద్ర అంటుంది. చూడకుండా ఎలా తెలుస్తుంది? ఏడుపులో ఏదో ఉండాలి. అది నాకు కావాలి."

నేను ఈ మాటల్ని డిజైనర్ అమ్మాయికి తెలుగులోకి మార్చి చెప్పాను. ఎన్నో ఏళ్ళు వినపడని పిల్లలతో గడిపాను. వినపడేవాళ్ళకి బిడ్డ ఏడుపు గంట మోగినట్టు ఉండదు, అదొక మాట. పుట్టుకతో ఒక్క శబ్దమూ ఎరగని మనిషి, తనకి అందనిదేదో ఏడుపు లోపల ఉందని తనంతట తాను కనిపెట్టింది. ఇదెలా తట్టింది ఈమెకి అని ఆ సాయంత్రం బస్సులో దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే డిజైనర్ అమ్మాయి తన బొమ్మలన్నీ పక్కన పెట్టేసింది. "మేడమ్, ఏడుపు వచ్చిందని చెప్పడం కాదు. ఏడుపునే పంపిద్దాం" అంది.

ఆ అమ్మాయి, టెక్నీషియన్ గారు కలిసి చేసింది ఇదీ. అదురు పుట్టించే చిన్న బిళ్ళలు కింది నుంచి పైకి వరసగా, నిచ్చెన మెట్లలా పెట్టారు. పాప గొంతు పెరిగితే అదురు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. గొంతు సన్నబడి పైకెక్కితే అదురు కూడా కింది బిళ్ళ నుంచి పై బిళ్ళకి పాకుతుంది. మణికట్టు ఎప్పుడూ తడిగా, పనిలో ఉంటుంది కాబట్టి జబ్బకి మార్చారు. జాకెట్టు చేతి కింద కనపడకుండా ఉంటుంది. పట్టీ కుట్టింది భర్త. మెత్తని నూలుగుడ్డ, లోపల అరలు, బిళ్ళలు చర్మానికి సరిగ్గా ఆనేలా కుట్లు. మొదటిది బిగుతైంది, రెండోది జారింది, మూడోది ఆమె జబ్బకి చర్మంలా అతుక్కుంది.

అత్తగారికి ఒకటే బెంగ. "చర్చిలో ఎవరన్నా చూస్తే తాయెత్తు కట్టించానంటారండీ."

"తాయెత్తు కాదమ్మా, చెవి అని చెప్పండి. జబ్బకి మొలిచిందని చెప్పండి" అన్నారు టెక్నీషియన్ గారు.

ఒక పొరపాటు కూడా జరిగింది. ఏడుపులో ఉండే గరగర, వణుకు అనవసరం అనుకుని టెక్నీషియన్ గారు ఒకసారి వాటిని తీసేశారు. అదురు నున్నగా, అందంగా వచ్చింది. తల్లి ఒక్కరోజు పెట్టుకుని తిరిగి తెచ్చేసింది. "మొన్నటిదే బాగుంది. ఈసారి మీరు ఏడుపుని ఇస్త్రీ చేసేశారు" అని చూపించింది. భర్త పక్కన నిలబడి ఇస్త్రీపెట్టె తోస్తున్నట్టు చేసి చూపిస్తే టెక్నీషియన్ గారు పడీ పడీ నవ్వారు. గరగరని మళ్ళీ లోపల పెట్టారు.

తర్వాత నేను చూసింది ఏ పుస్తకంలోనూ చదవలేదు. వారానికోసారి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా తల్లి దగ్గర కొత్త సైగలుండేవి. ఆకలి ఏడుపు అంటే తలుపు తట్టినట్టు, తట్టి ఆగి మళ్ళీ తట్టినట్టు. నిద్ర ఏడుపు అంటే మొగుడి కుట్టుమిషన్ నెమ్మదిగా నడిచినట్టు. తడిసిన బట్టకి చిరాకు పడితే ఇసుక రాలినట్టు. ఈ సైగలు ఏ బడిలోనూ లేవు, తనే చేసుకుంది. నేను ఉయ్యాలకి వెన్ను తిప్పి కూర్చుని, పాప ఏడవగానే ఇది ఏమిటని అడిగేదాన్ని. ఆమె వంటగదిలోంచి సైగ చేసేది. నేను చెవులతో విన్నదీ, ఆమె జబ్బతో విన్నదీ ఒక్కటే అయ్యేవి. మొదట్లో తప్పులొచ్చేవి. తర్వాత్తర్వాత ఎప్పుడైనా మా ఇద్దరికీ తేడా వస్తే, తప్పు నాదే అయ్యేది.

ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగానే ఆమె చేతిలో పిండి గిన్నె వదిలేసి, ముఖం తెల్లబోయి, ఉయ్యాల దగ్గరికి పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను. పాప వెల్లకిలా పడుకుని, ఉయ్యాలకి కట్టిన రంగు జాకెట్ గుడ్డ ముక్కలు పైన ఆడుతుంటే చూసి నవ్వుతోంది. కిలకిలా గట్టిగా మొదటిసారి నవ్వడం అది. తల్లి పాపని చూసింది, జబ్బని చూసుకుంది, నన్ను చూసింది.

"నవ్వు ఇలా ముక్కలు ముక్కలుగా ఉంటుందా?" అని అడిగింది.

ఎన్నో నవ్వుల్ని ఆమె కళ్ళతో చూసి ఉంటుంది. నవ్వుకి ఇలాంటి ఒక నడక ఉంటుందని ఇప్పుడే తెలిసింది. షాపులోకి పరుగెత్తి భర్తని లాక్కొచ్చింది. పట్టీ విప్పి అతని జబ్బకి కట్టింది. నేను ఆ జాకెట్ ముక్కల్ని ఊపాను. పాప మళ్ళీ నవ్వింది. ఆ మనిషి కత్తెర పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంచి, కళ్ళు మూసుకుని నిలబడిపోయాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. నేను సంచి తీసుకుని నెమ్మదిగా బయటికి వచ్చేశాను. వాళ్ళ బిడ్డ నవ్వు వాళ్ళు వింటుంటే మధ్యలో నేనెందుకు?

అయినా అత్తగారికి పూర్తి నమ్మకం కుదరలేదు. "బానే ఉందిగానీ, మిషన్ మిషనే కదండీ. ఆగిపోతే?" అనేది. మిరపకోతలు దగ్గరపడుతున్నాయి. పేట నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటారని అడుగుతోంది.

అప్పుడే ఆ రోజు వచ్చింది.

ఉదయం మా కేంద్రం తెరిచి కాసేపే అయింది. ఆటో ఆగింది. తల్లి పాపని భుజాన వేసుకుని దిగింది. వెనకే అత్తగారు, ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో ఓమవాటరు సీసా. "చూడండి మేడమ్, నేను చెబుతూనే ఉన్నా. కడుపులో గాలి. ఓమవాటరు పట్టా, ఊరుకుంది. పడుకుంది కూడా. వద్దంటే వినకుండా ఆటో ఎక్కింది."

పాప నిజంగానే నిద్రపోతోంది. ముఖం కాస్త పాలిపోయినట్టుంది తప్ప ప్రశాంతంగా ఉంది. పాలు ఒకసారి కక్కిందట. నాకూ అత్తగారి మాటే సబబనిపించింది.

తల్లి పాపని నా ఒళ్ళో పెట్టింది. రెండు చేతులూ ఖాళీ చేసుకుని చెప్పింది. "ఈ ఏడుపు నాకు తెలియదు. ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు." చేతిని కింద నుంచి పైకి నిటారుగా లేపింది. పైన కొసకి వెళ్ళి వేళ్ళు విరిగినట్టు వంచింది. తర్వాత చేతిని చాపగా పరిచింది. చాలాసేపు అలాగే పరిచి ఉంచింది. మళ్ళీ నిటారుగా లేపింది.

"పట్టీ చెడిందేమో చూస్తానుండండి" అని టెక్నీషియన్ గారు పట్టీ విప్పించి, మైకు దగ్గర చిటికెలు వేసి, మాట్లాడి చూశారు. "శుభ్రంగా ఉంది" అన్నారు.

తల్లి ఆ పట్టీని ఆయన చేతిలోంచి తీసుకుని నా జబ్బకి కట్టింది. ఆగమన్నట్టు చూపించింది. ముందు గదిలో అందరం ఆగాం. ఫ్యాన్ తిరుగుతోంది.

పాప ఏడ్చింది. చెవులకి అది మామూలు ఏడుపే. కడుపునొప్పి అనుకుంటాం. కానీ జబ్బ మీద ఒక్కసారిగా అదురు మొదలై, తట్టడం లేదు, నడవడం లేదు, నేరుగా పైకి ఎగబాకి, చివరి బిళ్ళ దగ్గర తెగినట్టు ఆగిపోయింది. అదే క్షణంలో పాప మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకున్నాయి. తర్వాత ఏమీ లేదు. పాప ఒళ్ళు వదిలేసి మళ్ళీ నిద్రలోకి జారింది. ఎవరో బిడ్డ లోపల దేన్నో మెలిపెట్టి వదులుతున్నట్టుంది. ఇంతకాలం ఏడుపులు వింటూ బతికిన నా చెవులు దీన్ని మిగతా వాటిలో కలిపేశాయి. చర్మం కలపలేదు.

నందిగామలోనే పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నేను చెప్పడం మొదలుపెడితే ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. "తల్లిని చెప్పనివ్వండి, ఆమె చెప్పింది మీరు నాకు మాటల్లో చెప్పండి" అంది. తల్లి డాక్టరమ్మ బల్ల మీద వేలితో గీసింది. నిటారు కొండ, పొడవాటి చదును, మళ్ళీ కొండ. డాక్టరమ్మ ఆ గీతనే చూస్తూ పాప పొట్ట మీద చెయ్యి పెట్టి, మెల్లగా నొక్కుతూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"పేగులోకి పేగు దూరినట్టుంది. ఒకదాంట్లోకి ఒకటి, టెలిస్కోపు మడిచినట్టు. వెంటనే విజయవాడ వెళ్ళండి. ఇప్పుడైతే కోత లేకుండా సరిచేయొచ్చు. సాయంత్రందాకా ఆగితే చెప్పలేను" అంది. వెళ్ళబోతుంటే తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

టెక్నీషియన్ గారు తన పాత కారు తీశారు. డిజైనర్ అమ్మాయి ముందు సీట్లో, మేం ముగ్గురం పాపతో వెనక. కబురందుకున్న భర్త తన బండి మీద వెనకే వస్తున్నాడు. కంచికచర్ల దాటాక పరిటాల ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం కనపడగానే టెక్నీషియన్ గారు స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి గుండెకి ఆనించుకున్నారు. నా పక్కన అత్తగారు "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. తల్లి మాత్రం పాప ముఖాన్ని గానీ, కిటికీలోంచి గానీ చూడలేదు. పట్టీ తన జబ్బకి కట్టుకుని, అటువైపే చెవి ఒగ్గినట్టు తల వంచి కూర్చుంది.

ఆసుపత్రిలో స్కాను చూసి, మా డాక్టరమ్మ చెప్పిందే అన్నారు. లోపలి గదికి తీసుకెళ్ళి, స్కానులో చూస్తూ, కింది నుంచి నీటి ఒత్తిడితో పేగుని వెనక్కి తోస్తామన్నారు. తోసినా రాకపోతే ఆపరేషన్. తల్లిని లోపలికి రానివ్వలేదు. డిజైనర్ అమ్మాయి నర్సుని బతిమాలింది. "సిస్టర్, ఈ బొత్తాం ఒక్కటి పాప తల దగ్గర ఉంచండి, ప్లీజ్. ఆమెకి అదే చెవి." నర్సు బొత్తాన్ని చూసింది, తల్లిని చూసింది. గుడ్డతో తుడిచి లోపలికి తీసుకెళ్ళింది.

బరువైన తలుపు మూసుకుంది. వరండాలో మేం మిగిలాం.

ఆ తలుపు వెనక ఏం జరుగుతోందో ఒక్క చప్పుడు రాలేదు. నేను, టెక్నీషియన్ గారు, డిజైనర్ అమ్మాయి, అత్తగారు, చెవులున్న నలుగురం. తలుపుకి చెవి ఆనించినా ఏమీ వినపడటం లేదు. ఆ వరండాలో లోపలి సంగతి వినపడుతున్నది ఒక్క తల్లికే. ఆమె గోడకి ఆనుకుని, జబ్బని రెండో చేత్తో పట్టుకుని నిలబడింది. భర్త ఎదురుగా నిలబడి ఆమె చేతుల్నే చూస్తున్నాడు.

ఆమె చేతులు కదిలాయి. "ఏడుస్తోంది. భయం." నేను పైకి చెప్పాను. "ఇంకా ఏడుస్తోంది." చెప్పాను. చెయ్యి నిటారుగా లేచింది. పైపైకి వెళ్ళింది. వేళ్ళు విరిగాయి. చెయ్యి చదునైంది. మళ్ళీ లేచింది. నేను మాటల్లో పెట్టలేక ఊరుకున్నాను. అప్పటికి ఎవరికీ నా మాటలు అక్కర్లేదు. అందరం ఆమె చెయ్యినే చూస్తున్నాం. అత్తగారు ప్రార్థన ఆపేసింది. పెళ్ళయినప్పటినుంచీ కోడలితో ఏం చెప్పాలన్నా కొడుకు ద్వారానో, నా ద్వారానో చెప్పించిన మనిషి, ఇప్పుడు కోడలి ముందుకి వెళ్ళి నిలబడి, రెండు అరచేతులూ పైకి తిప్పి, ఏమంటోంది అన్నట్టు తనే అడిగింది.

తల్లి ఆగమన్నట్టు చూసింది. చెయ్యి చాపగా పరిచి ఉంచింది. చాలాసేపు అలాగే ఉంది. ఇక లేవలేదు.

తర్వాత ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. గోడ మీంచి లేచి నిటారుగా నిలబడింది. అత్తగారి చెయ్యి అందుకుని, ఆవిడ అరచేతిలో తన వేళ్ళతో తట్టింది. తట్టి ఆగి, తట్టి ఆగి.

"ఏంటండీ ఇది?" అని అత్తగారు నన్ను అడిగింది.

"ఆకలండీ. పాపకి ఆకలేస్తోంది" అన్నాను.

ఆ పెద్దావిడ వరండాలో నేల మీద కూలబడి, కోడలి కాళ్ళు చుట్టేసుకుని ఏడ్చింది. ఆ తర్వాత తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు దించుకుని, పేగు సర్దుకుందని చెప్పాడు. మా ముఖాలు చూసి, ఎవరో తనకంటే ముందే చెప్పేశారని ఆయనకి అర్థమై ఉండాలి. కాస్త తికమకపడ్డాడు.

కొన్ని గంటలదాకా పాలు పట్టకూడదన్నారు. పాపని మార్చిన గది గాజు తలుపు అవతల ఆకలికి ఏడుస్తూనే ఉంది. తల్లి జబ్బ మీద ఆ తట్టుడు ఆగకుండా పడుతూనే ఉంది. చూడలేక, కాసేపు విప్పెయ్యమ్మా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"తియ్యను మేడమ్. ఇది మంచి ఏడుపు" అని చెప్పింది.

ఆ ఏడాది మిరపకోతలకి అత్తగారు వెళ్ళింది. పాప తల్లి దగ్గరే ఉంది. పేట నుంచి ఆడబిడ్డ వచ్చి, తను సిద్ధం చేసి ఉంచుకున్న ఉయ్యాలని ఆ ఇంట్లోనే కట్టి వెళ్ళింది. డిజైనర్ అమ్మాయి కాలేజీలో ఆ పట్టీని ప్రదర్శించింది. ఫోనుకి కలపొచ్చా, ఏడుపు రకం పేరు తెర మీద రాసి చూపించొచ్చా అని పెద్దవాళ్ళు అడిగారట. చూపించొచ్చు కానీ చూపించనని చెప్పానంది నాతో. పేరు మిషన్ చెప్పేస్తే తల్లి వినడం మానేస్తుంది కదా మేడమ్, అంది. తర్వాత వినపడని తల్లులు ఇంకొందరికి చేసిచ్చింది. అందరూ ఒకేలా నేర్చుకోలేదు. ఒకామెకి బొత్తిగా పడలేదు. ఇంకొకామె భర్త గురకని కూడా గుర్తుపట్టి తిట్టేది.

నేను రిటైరయ్యే ముందు వాళ్ళింటికి చివరిసారి వెళ్ళాను. పాపకి అప్పుడే మాటలు వస్తున్నాయి. నాయనమ్మతో నోటితో, అమ్మానాన్నలతో చేతులతో. పట్టీ అవసరం తీరి కొన్నాళ్ళైంది. తల్లి జబ్బ మీద ఏమీ లేదు. ఆమె అంచు కుడుతుంటే పాప వెనకనుంచి వచ్చి, జాకెట్టు చేతిని పైకి జరిపి, ఆ జబ్బకి పెదాలు ఆనించి "అమ్మా" అని పిలిచింది. అమ్మ వినేది అక్కడే అని ఆ పిల్లకి పుట్టినప్పటినుంచీ తెలుసు.

తల్లి సూది ఆపి, వెనక్కి తిరిగి, ఏంటమ్మా అన్నట్టు తలెగరేసింది.